ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడితే ముందు మార్చాల్సింది ప్యాడ్లు కాదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. స్కోడా ఆక్టావియా ఆర్ఎస్ 230 కారు, స్టేజ్ 1 రీమ్యాప్ (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం). విశాఖలో రోజూ ఆఫీసుకి అదే బండి, నెలకోసారి అరకు, ఏడాదికి ఒకటి రెండుసార్లు కోయంబత్తూరులో ట్రాక్ డే (రేసు ట్రాక్ మీద సొంత బండి నడుపుకునే రోజు). పోయిన నెల నలుగురితో గాలికొండ నుంచి ఎస్.కోట వైపు దిగుతుంటే టైడా దగ్గర పెడల్ మెత్తబడి సగం దాకా లోపలికి పోయింది, రెండు మూడుసార్లు పంప్ చేస్తే మళ్లీ పట్టింది, కిందికి వచ్చి ఆపితే మాడు వాసన. ఇప్పుడు బ్రేక్ ప్యాడ్లు ఈబీసీ ఎల్లోస్టఫ్ వేయాలా, ఫెరోడో డీఎస్2500 వేయాలా, లేక నేరుగా రేస్ ప్యాడ్లే వేసేస్తే పీడా పోతుందా అని అడిగారు.

ప్యాడ్ల సంగతికి వస్తాను. కానీ మీరు రాసినదాంట్లో అసలు విషయం "పంప్ చేస్తే పట్టింది" అన్న చోట ఉంది. అది ప్యాడ్ల వల్ల జరిగేది కాదు. మీ బ్రేక్ ఆయిల్ మరిగింది.

వేడికి బ్రేకులు వదిలేయడం రెండు రకాలు, రెండూ కాలికి వేర్వేరుగా తెలుస్తాయి. ప్యాడ్ తన హద్దు దాటి వేడెక్కితే పెడల్ ఎప్పటి ఎత్తులోనే, గట్టిగానే ఉంటుంది, కానీ ఎంత తొక్కినా బండి ఆగదు, చెక్క మీద కాలు పెట్టినట్టు ఉంటుంది. ఆయిల్ మరిగితే అలా కాదు. క్యాలిపర్‌లో (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) ఆవిరి బుడగలు పుడతాయి, ద్రవం నలగదు గానీ ఆవిరి నలుగుతుంది, కాబట్టి మీరు తొక్కిన తొక్కుడంతా ఆ బుడగల్ని నొక్కడానికే ఖర్చయి పెడల్ స్పాంజిలా లోపలికి దిగిపోతుంది, పంప్ చేస్తే ఇంకాస్త ఆయిల్ లైన్లోకి వెళ్లి కాసేపు పట్టినట్టవుతుంది. మీకు జరిగింది అచ్చంగా ఇదే. ఈ స్థితిలో ఎంత ఖరీదైన ప్యాడ్లు వేసినా లాభం లేదు, ప్యాడ్‌ని డిస్కుకి నొక్కాల్సింది ఆ ఆయిలే కదా. పైగా మెటల్ ఎక్కువున్న రేస్ ప్యాడ్ వేడిని పిస్టన్‌లోకి ఇంకా బాగా పంపిస్తుంది, అంటే ఈసారి ఇంకో నాలుగు మలుపుల ముందే మరుగుతుంది.

బ్రేక్ ఆయిల్‌కి డాట్ 3, 4, 5.1 అని రకాలుంటాయి. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అదే ఆయిల్‌లో 3.7 శాతం నీరు చేరాక 155 డిగ్రీలు తట్టుకుంటే చాలు. డాట్ 3 అయితే 205, 140. డాట్ 5.1 అయితే 260, 180. బ్రేక్ ఆయిల్ తేమని పీల్చుకుంటుంది, మూత తీయకపోయినా రబ్బరు గొట్టాల గోడల్లోంచి కొద్దికొద్దిగా లాక్కుంటూనే ఉంటుంది. మీరుండేది సముద్రం పక్కన. చివరిసారి ఆయిల్ ఎప్పుడు మార్చారో మీరు రాయలేదు, రెండేళ్లు దాటి ఉంటే మీ బండిలో ఉన్నది 230 డిగ్రీల ఆయిల్ అని అస్సలు అనుకోకండి. మన దగ్గర చాలా షెడ్లలో డబ్బాలో లెవెల్ తగ్గితే పైన పోసి మూత పెట్టేస్తారు. అది మార్చడం కాదు. నాలుగు చక్రాల దగ్గరా బ్లీడర్ (ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ) విప్పి, పాతది పూర్తిగా బయటికి పోయి కొత్తది వచ్చేదాకా తీయాలి. పారదర్శకంగా ఉన్న సన్న గొట్టం ఒకటి బ్లీడర్‌కి పెట్టించండి, టీ డికాషన్ రంగులో మొదలైనది లేత తేనె రంగులోకి మారడం మీ కళ్లతో మీరే చూడొచ్చు.

ఏ ఆయిల్ అంటే, ఏటీఈ టిప్ 200 కొత్తగా 280 డిగ్రీలు, మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 కొత్తగా 312 డిగ్రీలు తట్టుకుంటాయి. మీ వాడకానికి రెండింట్లో ఏదైనా సరిపోతుంది. ట్రాక్‌కి వెళ్తున్నారు కాబట్టి ఏడాదికోసారి మార్చండి, ట్రాక్ డేకి వారం ముందు మారిస్తే ఇంకా మంచిది. ఒక్క జాగ్రత్త, డాట్ 5.1 వేరు, డాట్ 5 వేరు. 5 అన్నది సిలికాన్, దాన్ని మీ బండి దరిదాపులకి రానివ్వకండి, నంబర్ పెద్దదైతే మంచిదనుకుని పోసేవాళ్లని చూశాను.

ఇక ఘాట్ రోడ్డు బ్రేకుల్ని ఏం చేస్తుందో ఒకసారి లెక్క వేసి చూద్దాం, ఇది తెలిస్తే ప్యాడ్ ఎంచుకోవడం సులువు. తిరుమల అందరికీ తెలిసిన రోడ్డు కాబట్టి అదే తీసుకుంటాను. పైనుంచి తిరుపతికి దాదాపు 700 మీటర్ల ఎత్తు దిగుతాం. ఆ ఎత్తులో ఉన్న శక్తి మొత్తం బ్రేకుల మీదే పోగొడితే, గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి సున్నాకి పదిహేడు పద్దెనిమిదిసార్లు బండిని ఆపినంత పని. బండి బరువు ఎంతైనా ఈ సంఖ్య మారదు, బరువు రెండు వైపులా కొట్టుకుపోతుంది. మారేదల్లా ఎంత వేడి అన్నది, నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను ఉంటే అదే డిస్కు మీద అంత ఎక్కువ వేడి పడుతుంది. ఇంజిన్ బ్రేకింగ్ (చిన్న గేర్లో దిగుతూ ఇంజినే బండిని పట్టేలా చేయడం) వాడితే అందులో పెద్ద భాగాన్ని ఇంజినే మోస్తుంది. మీది డీఎస్‌జీ, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. డీ మోడ్‌లో దిగితే అది మైలేజీ కోసం పై గేర్లలోకి పోతుంది, ఇంజిన్ అసలు పట్టదు, భారమంతా నాలుగు డిస్కుల మీద. మాన్యువల్‌లో పెట్టి రెండో గేర్లోనో మూడో గేర్లోనో దిగండి. పెడల్ మీద కాలు ఆనించి సన్నగా అదిమి ఉంచుకుంటూ దిగే అలవాటు ఉంటే వెంటనే మానేయండి, డిస్కుకి చల్లారే సందే దొరకదు. మలుపు ముందు గట్టిగా ఒకసారి తొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదిలేయాలి, మళ్లీ కావాల్సినప్పుడు మళ్లీ తొక్కాలి.

ఇప్పుడు ప్యాడ్లు.

ఏ ప్యాడ్ మంచిదన్న ప్రశ్నకి సమాధానం లేదు, ఏ వేడిలో మంచిదన్న ప్రశ్నకే ఉంది. ప్రతి ప్యాడ్ మందుకీ (డిస్కుని రాసుకునే పొర) తనదైన ఒక ఉష్ణోగ్రత పరిధి ఉంటుంది, దానికి కింద సరిగా పట్టదు, పైన జారిపోతుంది. రోడ్డు ప్యాడ్ చల్లగా ఉన్నప్పటి నుంచే పడుతుంది, బాగా వేడెక్కితే వదిలేస్తుంది. రేస్ ప్యాడ్ వేడెక్కాకే నిద్ర లేస్తుంది. రేస్ అన్న మాట చూసి అది అన్నివేళలా ఎక్కువ పడుతుందనుకోవడమే అందరూ చేసే పొరపాటు. నేనూ చేశాను. పన్నెండేళ్ల కిందట నా పాత బండికి పూర్తి రేస్ ప్యాడ్లు వేయించి, ట్రాక్ నుంచి వచ్చాక మార్చడానికి బద్ధకించి అలాగే రోజూ తిప్పాను. ఒక వానాకాలం పొద్దున ఇంటి నుంచి బయల్దేరి మొదటి సిగ్నల్ దగ్గర బ్రేక్ తొక్కితే బండి ఆగలేదు, జారుకుంటూ వెళ్లి ముందున్న ఆటో వెనక బంపర్‌కి జానెడు దూరంలో ఆగింది. అందులో స్కూలు పిల్లలున్నారు. డిస్కులు తడిసి చల్లగా ఉన్నాయి, ప్యాడ్‌కి కావాల్సిన వేడిలో పదో వంతు కూడా లేదు. ఆ సాయంత్రమే పాతవి వేయించాను. రోజూ ఆఫీసుకి వెళ్లే బండికి రేస్ ప్యాడ్ వద్దని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఆ పొద్దుటే.

ప్యాడ్ అంచు మీద చూస్తే ఎఫ్‌ఎఫ్, జీజీ, ఎఫ్‌ఈ లాంటి రెండక్షరాల గుర్తు కనిపిస్తుంది. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది ఎక్కువ వేడిలో పట్టు. ఈ అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55, ఆ పైన హెచ్. ఎఫ్‌ఈ అని ఉంటే వేడెక్కేకొద్దీ పట్టు తగ్గుతుందని ఆ ప్యాడే మీకు చెబుతోంది, ఘాట్ రోడ్లకి అలాంటిది వద్దు. అయితే ఆ వేడి పరీక్ష దాదాపు 340 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ట్రాక్ మీద డిస్కు అంతకన్నా చాలా పైకి పోతుంది, కాబట్టి అక్షరాలు చూసి ట్రాక్ ప్యాడ్ కొనలేం. దానికి తయారీదారు ఇచ్చే గ్రాఫ్ చూడాలి, అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా ఘర్షణ. గీత ఎంత ఎత్తులో ఉందన్నది కాదు, ఎంత చదునుగా ఉందన్నది చూడండి. ఎత్తుగా లేచి పడిపోయే గీత కన్నా కాస్త కిందే ఉన్నా సమంగా సాగే గీత మేలు, కాలికి నమ్మకం కుదిరేది దాంతోనే.

సిరామిక్ గురించి ఒక్క ముక్క. దుమ్ము తక్కువ, చప్పుడు తక్కువ, అల్లాయ్‌లు శుభ్రంగా ఉంటాయి, సిటీలో తిరిగేవాళ్లకి హాయి. ఖరీదైన సూపర్ కార్లకుండే కార్బన్ సిరామిక్ డిస్కులకీ ఈ ప్యాడ్లకీ ఏ సంబంధమూ లేదు, పేరు కలిసిందంతే. మీ వాడకానికి ఇవి కావు.

మీరడిగిన రెండింటికొస్తే, డీఎస్2500 ఘర్షణ 0.42 దగ్గర ఉండి 500 డిగ్రీల దాకా పెద్దగా మారదు, ఆ చదునైన గీత కోసమే దాన్ని ఇష్టపడతారు. చల్లగా ఉన్నప్పుడూ పనిచేస్తుంది, కానీ కంపెనీ ప్యాడంత వెంటనే కొరకదు, కూతపెడుతుంది, దుమ్ము పోస్తుంది. ఎల్లోస్టఫ్ చల్లగా ఉన్నప్పటి నుంచే గట్టిగా కొరికేలా చేసిన వీధి ప్యాడ్. అదే ఈబీసీ వాళ్లు ట్రాక్ డేలకి బ్లూస్టఫ్, ఆ పైన రేసుకి ఆర్‌పీ సిరీస్ అని విడిగా అమ్ముతున్నారంటే ఏది ఎందుకు చేశారో అర్థం చేసుకోవచ్చు. ఫెరోడో పేరు వచ్చింది కాబట్టి చెబుతున్నా, ఆ కంపెనీ పుట్టిందే ఘాట్ రోడ్డు బాధలోంచి. 1897లో ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్ కొండల్లో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన, గుర్రబ్బండ్లవాళ్లు వాలు దిగేటప్పుడు పాత బూట్ల తోలు చక్రానికి అదిమి వేగం తగ్గించుకోవడం చూసి బ్రేక్ లైనింగ్ తయారీ మొదలుపెట్టాడు. ఆయన ఇంటిపేరులోని అక్షరాలకి ఒక 'ఈ' కలిపి తారుమారు చేస్తే ఫెరోడో.

యూరప్‌లో ఆర్90 అని ఒక నియమం ఉంది, బయటి కంపెనీ ప్యాడ్ పనితీరు బండితో వచ్చిన ప్యాడ్‌కి 15 శాతం అటూ ఇటూ లోపలే ఉండాలి. పెట్టె మీద ఆ గుర్తు ఉంటే రోడ్డు మీద మీ ఏబీఎస్, మీ కాలు ఊహించినట్టే అది పనిచేస్తుందని నమ్మొచ్చు. రోజువారీ ప్యాడ్‌కి నేను ఆ గుర్తు చూడనిదే కొనను. ట్రాక్ కోసం చేసిన వాటికి అది ఉండకపోవచ్చు, అవి వేరే పనికి.

కాబట్టి మీ స్థానంలో నేనైతే ఏం చేస్తానంటే, ముందు ఆయిల్ మార్పిస్తాను. రోజూ తిరగడానికి, అరకుకి బండితో వచ్చిన రకం ప్యాడ్లే, లేదా అదే నాణ్యతలో టెక్స్‌టార్, ఏటీఈ, టీఆర్‌డబ్ల్యూ లాంటివి. నలుగురితో అరకు దిగడానికి ఆ బండి బ్రేకులు ధారాళంగా సరిపోతాయి, ఆయిల్ బాగుండి గేర్లో దిగితే. ట్రాక్ డే కోసం ముందు చక్రాలకి డీఎస్2500 ఒక సెట్టు విడిగా కొని పెట్టుకుంటాను. మీరు వెళ్లే కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే రెండు కిలోమీటర్ల పైచిలుకు ట్రాక్, చిన్నది, పదిహేను ఇరవై నిమిషాల సెషన్లకి అది చాలు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్లినా నడుస్తుంది. ఢిల్లీ దగ్గరి బుద్ధ్ సర్క్యూట్‌కి వెళ్తానంటే మాత్రం మాట వేరు, అక్కడ కిలోమీటరు పైన సాగే స్ట్రెయిట్ చివర మీ రీమ్యాప్ బండి ఏ వేగంతో వస్తుందో ఆలోచించండి. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలు. 100 నుంచి 140కి పెరిగితేనే దాదాపు రెట్టింపు. స్టేజ్ 1 చేయించేటప్పుడు ఎన్ని బీహెచ్‌పీ పెరిగిందో అందరూ చెబుతారు, ఈ లెక్క ఎవరూ చెప్పరు.

రెండు సెట్లు మార్చుకోవడం విసుగు అనిపిస్తే డీఎస్2500 ఏడాదంతా ఉంచేయొచ్చు, చాలామంది ఉంచుతారు. నేను ఉంచను. పొద్దున్నే బీచ్ రోడ్డులో తేమకి డిస్కుల మీద సన్నగా తుప్పు పట్టి ఉంటుంది, దానికి తోడు కూత, ఇనుప రజను వానకి తడిసి అల్లాయ్‌ల మీద నారింజ మచ్చలు. ఇంట్లోవాళ్లు కూడా నడిపే బండి అయితే అసలు వద్దు, మీ కాలికి అలవాటైనది వాళ్ల కాలికి అలవాటుండదు.

ముందువి మార్చి వెనకవి కంపెనీవి ఉంచడం ఫరవాలేదు, ఆపే పనిలో దాదాపు 70 శాతం ముందు చక్రాలదే. దీనికి వ్యతిరేకం మాత్రం చేయకండి, వెనక గట్టి ప్యాడ్లు, ముందు మామూలువి వేస్తే గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే పట్టేసి బండి తోక తిరుగుతుంది. రంధ్రాల డిస్కుల గురించి కూడా అడిగారు. ట్రాక్ మీద ఆ రంధ్రాల అంచుల నుంచే పగుళ్లు మొదలవుతాయి. మంచి కంపెనీ సాదా డిస్కు చాలు. స్టీల్ బ్రెయిడెడ్ గొట్టాలు పెడల్‌ని గట్టిపరుస్తాయి గానీ ఆగే దూరాన్ని తగ్గించవు, డబ్బు మిగిలితే చూడండి.

అసలు మీ డిస్కులు ఎంత వేడెక్కుతున్నాయో తెలుసుకునే దారి ఉంది. ఇన్‌ఫ్రారెడ్ గన్ చాలామంది దగ్గర ఉంటుంది, కానీ మెరిసే ఇనుము మీద అది తక్కువ చూపిస్తుంది, పైగా మీరు పిట్‌లోకి వచ్చేలోపు చాలా వేడి పోయి ఉంటుంది. థర్మల్ పెయింట్ తెప్పించుకోగలిగితే డిస్కు అంచు మీద మూడు చుక్కలు పెట్టండి, ఆకుపచ్చది 430 డిగ్రీలకి, నారింజది 560కి, ఎర్రది 610కి రంగు మారి తెల్లబడతాయి. నేను పెట్టిన మొదటిసారి ఆకుపచ్చ మొత్తం పోయి, నారింజ సగం పాలిపోయి, ఎర్రది అలాగే ఉంది. ఏ ప్యాడ్ కొనాలో ఆ నారింజ చుక్క చెప్పింది, అంతవరకు ఊహల మీద డబ్బు పెట్టాను.

పెయింట్ దొరక్కపోయినా పాత ప్యాడ్లు విప్పించినప్పుడు పారేయనివ్వకండి, చేతిలోకి తీసుకుని చూడండి. ముఖం మీద వేలు రాస్తే అద్దంలా జారితే గ్లేజ్ అయింది. అంచులు తెల్లబారి గోటితో గీకితే పిండిలా రాలితే, వెనక ఇనుప ప్లేటు మీద పెయింట్ కాలి పొక్కిపోతే, నిజంగానే ప్యాడ్ హద్దు దాటింది, అప్పుడు పై స్థాయి ప్యాడ్‌కి వెళ్లడం న్యాయం. అంచులు బాగుండి, మందు నల్లగా గట్టిగా ఉంటే తప్పు ఆయిల్‌దే. లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ పక్కపక్కన పెట్టి మందం కూడా చూడండి. ఒకటి బాగా అరిగి ఇంకోటి కొత్తగా ఉంటే క్యాలిపర్ పిన్నులు బిగుసుకున్నాయి, ఆ ఒక్క ప్యాడే ఎప్పుడూ రాసుకుంటూ వేడి పుట్టిస్తోంది. పిన్నులు తీసి తుడిచి బ్రేకుల కోసం చేసిన సిలికాన్ గ్రీజు పెట్టించండి. చక్రాల బేరింగులకి రాసే గ్రీజు పెడితే రబ్బర్లు ఉబ్బిపోతాయి, మా ఊరి షెడ్డులో ఒకసారి నాకు అదే పెట్టారు, నెల తిరక్కుండా రెండు పిన్నులూ ఇరుక్కుపోయాయి.

నకిలీలు చాలా ఉన్నాయి. సగం ధరకి ఇస్తున్నారంటే ఆగండి. అధీకృత డీలర్ దగ్గర బిల్లుతో కొనండి. ప్యాడ్ అరిగిందని చెప్పే వేర్ సెన్సర్ తీగ మీ బండికి ఏ వైపు ప్యాడ్‌కి ఉందో చూసి అది ఉన్న పార్ట్ నంబరే తీసుకోండి, లేకపోతే డ్యాష్ మీద లైటు వెలుగుతూనే ఉంటుంది.

వేశాక బెడ్డింగ్ (కొత్త ప్యాడ్‌ని డిస్కుకి అలవాటు చేయడం) చేయకుండా ఘాట్ ఎక్కవద్దు, దీన్ని మాత్రం దాటేయకండి. కొత్త ప్యాడ్ మొదటిసారి బాగా వేడెక్కినప్పుడు అందులోని బంక ఆవిరై ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య పొరలా నిలుస్తుంది, అప్పుడు బ్రేక్ గట్టి పెడల్‌తోనే జారిపోతుంది. అది ఖాళీ రోడ్డు మీద జరగాలి, టైడా మలుపుల్లో కాదు. తెల్లవారుజామున భోగాపురం వైపు హైవే మీదికి వెళ్లి, అద్దంలో వెనక ఎవరూ లేరని చూసుకుని, 80 నుంచి 20 దాకా గట్టిగా, ఏబీఎస్ పని మొదలుపెట్టనంత గట్టిగా, ఎనిమిది పదిసార్లు తగ్గించండి, మధ్యలో ఒక్కసారి కూడా పూర్తిగా ఆపకండి. కాస్త వాసన, సన్నటి పొగ వస్తే భయపడొద్దు. తర్వాత పది పదిహేను నిమిషాలు బ్రేక్ ముట్టకుండా నడిపి చల్లారనివ్వండి. వేడి డిస్కు మీద పెడల్ తొక్కి నిలబెడితే ప్యాడ్ మందు ఆ ఒక్కచోట అచ్చులా అంటుకుంటుంది, ఆ తర్వాత స్టీరింగ్ వణికితే డిస్కు వంగిందని చెప్పి స్కిమ్మింగ్ (డిస్కు ముఖాన్ని చెక్కి చదును చేయడం) చేయిస్తారు. ట్రాక్‌లో సెషన్ అయ్యాక కూడా అంతే, చివరి ల్యాప్ నెమ్మదిగా తిరిగి వచ్చి, హ్యాండ్‌బ్రేక్ లాగకుండా గేర్ పీలో పెట్టి, చక్రానికి రాయి అడ్డం పెట్టండి.

ఆయిల్ మార్పించాక ఒక్కరే ఒకసారి అరకు వెళ్లి, గేర్లో దిగి చూడండి. అప్పుడూ పెడల్ మెత్తబడితే బ్లీడింగ్ సరిగా జరగలేదని అర్థం. గట్టిగానే ఉండి పట్టు తగ్గితే ప్యాడ్లు విప్పించి అంచుల ఫోటోలు పెట్టండి, లోపలివీ బయటివీ నాలుగూ, పగటి వెలుతురులో.